మూడుసార్లు అడిగే రాజు

ఆ కంప్యూటర్ ఆట మొదలయ్యేదే ఒక తల్లితోని. కొడుకు మంచంల పండుకొని ఉంటడు. తల్లి వచ్చి, "లే కొడుకా, పొద్దెక్కింది, రాజు నిన్ను రమ్మన్నడట" అంటది. వాడు లేస్తడు, పోతడు. గంతే, తల్లి పని ఒడిసింది. ఆ తర్వాత ఊర్లు కాలుతయి, పడవలు మునుగుతయి, రాక్షసులు లేస్తరు. ఆమె మాత్రం ఆ ఇంట్ల, ఆ పొయ్యి కాడ నిలబడే ఉంటది. ఎన్నడన్న వాడు తిరిగి పోతే, "వచ్చినవా కొడుకా? అలిసిపోయినట్టున్నవు, జర పండుకొని పో" అంటదట. ఇంకో మాట రాదు ఆమెకు.

"మల్ల ఆ తల్లి కాడికి ఎప్పుడు పోతడు?" అని నా కొడుకును అడిగిన.

"అటు పోతే పనిలేదవ్వా. కథ ముందటికి ఉంటది" అన్నడు, తల ఎత్తకుంటనే.

దుబాయి నుంచి వచ్చినంక వాడు నాతోని మాట్లాడిన పెద్ద మాట అదే. నాకు ఒళ్లు మండింది. ఆ పొద్దు నుంచి ఆ ఆటకు నేను పగదాన్నైన. ఇప్పటికీ పగదాన్నే.

నేను నాలుగో తరగతి దాక చదివిన. ఐదుకు పోతనంటే మా బాపు బడి సంచి గుంజుకొని బీడీల చాట ఒడిల పెట్టిండు. ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు. అప్పటికెళ్లి ఇప్పటిదాక నా చేతులు ఊకున్న దినం లేదు. చదువు తక్కువైతేంది, కథ అంటే ఏందో నాకు ఎరుక. చాటల ముందు పదిమంది ఆడోళ్లం కూసుంటే ఒకామె చెప్పేది, ఒకామె ఊ కొట్టేది. ఊ కొట్టే మనిషి లేకుంటే కథ నడువది. ఊ కొట్టుడు ఆగిందంటే విన్నామె నిద్రపోయిందన్నట్టు, లేకుంటే చెప్పేది అబద్ధం అన్నట్టు.

ఈ ఆటల ఊ కొట్టేటోళ్లు లేరు. చెప్పేటోడు గూడ లేడు. ఆ కత్తి పట్టిన పోరడున్నడు చూడుండ్రి, వానికి నోరే లేదు. ఊరోళ్లంత వానితోని మాట్లాడుతరు, వాడు మూడు చుక్కలు పెట్టి ఊకుంటడు. ఇంగ్లీషు రాతలను నా కోడలు చదివి చెప్పేది. ఆమె ఇంటర్ దాక చదివింది.

"ఏమంటుండే వీడు?"

"ఏమంటలేడత్తా, చుక్కలు పెట్టిండు."

"ఊరు కాలుతుంటే గూడ చుక్కలేనా?"

"పెద్ద శూరుడత్తా. శూరులు మాట్లాడరట."

"మాట్లాడని మొగోణ్ణి శూరుడు అనరే, దద్దమ్మ అంటరు" అన్న, నా కొడుక్కు వినపడేటట్టు. వాడు ఒక చుక్క గూడ పెట్టలే.

ఈ కథ మా ఇంట్లకు ఎట్ల వచ్చిందో చెప్పాలె.

మాది మేడిపల్లి దిక్కు. రెండు బోర్లు ఏసినం, రెండిట్ల దుబ్బే లేచింది. చెరువు ఎండి పర్రెలు పట్టింది. నా కొడుకు సిరిసిల్ల పోయి బట్ట నేసే సాంచెల మీద కూసున్నడు. ఆ సాంచెలు నడిచిన దినం కన్న ఆగిన దినాలే ఎక్కువ. తిరిగొచ్చిండు. ఇగ మిగిలింది దుబాయి. ఏ దేశం పోయినా మేం దుబాయే అంటం. పోయిండు. వానితోని జోడుగ రుద్రంగి పిలగాడు ఒకడు పోయిండు. ఆ పిలగాని తల్లిదీ నాదీ తల్లిగారి ఊరు ఒక్కటే, ఒక్క వాకిట్ల బీడీలు చుట్టినోళ్లం. నన్ను అక్కా అంటది, నేను చెల్లె అంట. కల్లు గీసే పెనిమిటి తాటిచెట్టు మీదికెళ్లి పడి పోతే ఒక్క కొడుకును బీడీల మీద పెంచింది.

ఇద్దరూ ఒక్క కంపెనీల, ఒక్క రూముల, పైమంచం కిందిమంచం. మూడో ఏడు ఎండాకాలం రుద్రంగి పిలగాడు జరమొచ్చి ఆ మంచం మీదనే సచ్చిపోయిండు.

పెట్టె వచ్చింది. మూత తియ్యొద్దన్నరు. ఆ తల్లికి కొడుకు మొఖం గూడ దక్కలే. నా కొడుకు ఆ పెట్టెతోనే వచ్చిండు, కాష్టం అంటుకునేదాక నిలబడ్డడు, తర్వాత ఆమె ఇంటి గడప తొక్కకుంట సీదా మా ఇంటికొచ్చిండు. వాని సంచిల సచ్చిపోయిన పిలగాని పాత ల్యాప్‌టాప్ ఉన్నది. దానిల ఈ ఆట ఉన్నది. నా కొడుకు పుట్టిన కాలం నాటి ఆటనట. బొమ్మలన్నీ చదరపు తలకాయలు.

ఇగ అదే పని. పొద్దుగాల కూసుంటడు, అన్నం పెడ్తే తింటడు, మల్ల కూసుంటడు. పొలం ఎండితే ఎండింది. నడుమ సెలవుకొచ్చి పోయినంక పుట్టిన బిడ్డ పాకుకుంట వచ్చి కాలు పట్టుకుంటే ఒక చేత్తోని ఎత్తుకుంటడు, ఇంకో చెయ్యి ఆ మీటల మీదనే. ఎవలన్న వచ్చి "ఏంరా, ఎట్లుంటివి, దుబాయి ముచ్చట్లేంది?" అంటే, "మంచిగనే ఉన్న" అంటడు. ఎవలడిగినా గదే. నేను చాట ముందటేసుకొని ఎనుక కూసుండి చూసేదాన్ని. పని చెడగొట్టుకోలే. చేతులు చుట్టుతనే ఉండె, కండ్లు వాని మీద ఉండె. పగ సాధియ్యాల్నంటే పగవాని సంగతి తెల్వాలె గద.

చూసిన కొద్ది నాకు అసహ్యమైంది. ఆ శూరుడు ఎవలింట్లకన్న పోతడు. తలుపు కొట్టుడు లేదు, కాళ్లు కడుగుడు లేదు. సీదా పోయి మూలకున్న కుండ పలగ్గొట్టి, దాంట్ల ఉన్న మందుసీస జేబుల ఏస్కుంటడు. ఇంటామె పక్కనే నిలబడి, "ఇయ్యాల గాలి మంచిగున్నది" అంటది. ఇంకో కుండ పలగ్గొడ్తడు. "ఇయ్యాల గాలి మంచిగున్నది."

"ఓసి నీ మొద్దుమొఖం పాడుగాను, కుండలు పోతుంటే గాలి సంగతేందే!" అని నేను తిడ్తే, కోడలు పడిపడి నవ్వింది.

"ఆమెకు ఒక్కటే మాట ఇచ్చిండ్రత్తా. ఎన్నిసార్లు అడిగినా గదే అనాలె."

"నా ఇంట్ల గట్ల పలగ్గొడ్తే చీపురు తిరగేస్త."

"నీ ఇంట్లకు రాడత్తా. నిన్ను చూసి రాక్షసి గుహ అనుకొని మందుసీసలు నింపుకొనే వస్తడు."

కోడలుకు నోరెక్కువ. ఇంటికి ఒక్కరికన్న నోరుండాలె గనుక నేను ఏమనలే.

ఆ ఆటల ఎముకలు ఇరిగినా ఒక్క పొద్దు సత్రంల పండుకుంటే మానుతయి. జోడీల వచ్చినోడు ఎవడన్న సస్తే ఒక పిట్ట ఈక వాని మీద రాస్తే లేస్తడు. ఆ సంగతి కోడలు చదివిన దినం నా కొడుకు చేతులు ఆగినయి. మల్ల ఆడిండు. నేను చూసిన.

రుద్రంగి చెల్లె అంగడి నాడల్లా మా ఇంటికి రాబట్టింది. అది ఎంత తలకిందుల పనో మా దిక్కోళ్లకు చెప్పనక్కర లేదు. సావైన ఇంటికి మంది పోయి పలుకరియ్యాలె గని, సావైనామె మంది ఇండ్లకు తిరుగది. నా కొడుకు పోనందుకు ఆమె రావల్సొచ్చింది. చెప్పులు ఇడిసి దర్వాజ కాడ కూసునేది. చాయ్ పోస్తే తాగకపోయేది.

"కొడుకా, ఆఖరికి ఏమన్నడు?"

"ఏమనలే చిన్నమ్మా. నిద్రలనే పోయిండు."

"దూప అన్నడా, నీళ్లడిగిండా?"

"లేదు."

"నన్నన్న తల్సిండా?"

"నిద్రలనే పోయిండు చిన్నమ్మా."

వారం వారం గిదే. నాలుగో వారమో ఐదో వారమో, నాకు ఆ ఆటల కుండలామె గుర్తుకొచ్చింది. ఇయ్యాల గాలి మంచిగున్నది. నా కొడుక్కు గూడ ఒక్కటే మాట ఇచ్చి నిలబెట్టిండ్రు.

ఆ దినం చెల్లె పోతపోత నన్ను బస్సు కాడిదాక రమ్మన్నది. తొవ్వల అన్నది: "అక్కా, పలుకరియ్యొచ్చినోళ్లు నా మెడ మీద పడి ఎట్లాయె చెల్లె అని అడుగుతుండ్రు. నేనేం చెప్పాలె? నా మొగడు పోయినప్పుడు చెప్పిన. పొద్దుగాల గట్క తాగిండు, మోకు భుజాన ఏస్కున్నడు, కుక్కను అదిలిచ్చిండు, మాపటికి చేపలు తెస్తనన్నడు, అని చెప్పుకుంట ఏడ్చిన. వందమందికి వందసార్లు చెప్పిన. చెప్పి చెప్పి అది అరిగింది, నేను బతికిన. నా కొడుక్కు ఏమని ఏడ్వాలె? పెట్టె అచ్చింది. గంతే. పెట్టె అచ్చిందని ఎంతసేపు ఏడుస్తరక్కా? నోట్ల మాట లేక గుడ్లప్పగిచ్చి చూస్తున్న. చూసినోళ్లు, దీనికి కొడుకు మీద ప్రేమ, పావురమే లేదంటుండ్రు."

మా దగ్గర సావు కథకు ఒక తీరున్నది. ఆ దినం పొద్దుగాల మొదలువెట్టి ఆఖరి మాట దాక పోవాలె. ఆఖరి మాట లేకుంటే ఆ ఏడుపు ఒడ్డుకు చేరది. ఆ తల్లికి కొడుకును కాలవెట్టినంక గూడ ఏడ్వనీకి కథ లేదు. ఆ కథ నా ఇంట్ల, కుర్సీల కూసొని, చదరపు తలకాయలను ఆడిస్తున్నది.

బస్సు ఎక్కిచ్చి వచ్చిన. వాడు ఆడుతున్నడు. గోడ కాడికి పోయి స్విచ్ బందు చేసిన.

నేను స్విచ్‌లు బందు చేసుడు మా ఇంట్ల కొత్త కాదు. మనిషి లేని అర్రల పంకా తిరిగితే నాకు తిన్నది అరుగది. గని ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎన్నడో సచ్చిందట, వైరు పీకితే ఆరిపోతదట. నాకు తెల్వది. తెల్సినా బందు చేద్దును.

వాడు లేచి ఒర్రిండు. పుట్టినకాడికెళ్లి నా మీద అట్ల ఒర్రలే. "అవ్వా! ఏం చేసినవే! వాని ఖానా పోతే ఎట్లనే!"

"ఎవని ఖానారా?"

వాడు స్విచ్ ఏసి ఆ మిషిని ముందట కూసున్నడు. తెర మీద రెండు ఖానాలు వచ్చినయి. ఆట ఎక్కడ ఆపితే అక్కడ దాచిపెట్టుకునే అరలట అవి. మొదటి దాంట్ల ఇంగ్లీషుల పేరున్నది. అది కనవడంగనే వాడు కుర్సీకి ఆనుకొని కండ్లు మూసుకున్నడు.

కోడలు మెల్లగ చదివింది. అది సచ్చిపోయిన పిలగాని పేరు. ఆటల శూరునికి మనమే పేరు పెట్టుకోవచ్చట. ఆ పిలగాడు తన పేరే పెట్టుకున్నడు.

"రెండోది నాది" అన్నడు నా కొడుకు. "మొదటిది వానిది. దాన్ని నేను ముట్టను. ఆఖరి దర్వాజ కాడ నిలబడ్డది అది. లోపటికి పోతే రాక్షసుడు, వాణ్ణి కొడ్తే ఆట అయిపోతది. నేను నా ఖానాల ఆ దర్వాజ దాక పోత, మల్ల మొదటికెళ్లి ఆడుత."

"ఎందుకు?"

చుక్కలు పెట్టిండు.

"నోరు తెరువు" అన్న. "నోరు తెరువకుంటే ఈ మిషినిని బాయిల ఏస్త. నీ మాట బంగారం గాను, ఆ తల్లి వారం వారం బస్సెక్కి కుక్కోలె నా గడప కాడ కూసుంటున్నది. ఆఖరికి ఏమన్నడో చెప్పు."

అప్పుడు చెప్పిండు. గోడను చూసుకుంట చెప్పిండు. నేను ఊ కొట్టిన. అట్ల ఊ కొట్టకుంటే వాడు ఆగుతడని నాకు తెల్సు.

ఆ పిలగానికి మూడు దినాలు జరం. మూడో దినం పొద్దుగాల, "ఇయ్యాల డ్యూటికి పోకురా, జర నా కాడ కూసో" అన్నడట. నా కొడుకు, "పోకుంటే పని చేయించే ముకద్దం రూముల కెళ్లే ఎల్లగొడ్తడు, గోలీ ఏస్కొని పండుకో" అన్నడట. అప్పుడు ఆ పిలగాడు నవ్వి ఈ ల్యాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకొని, "సరే పో. నేను దర్వాజ కాడిదాక పోయి ఆగుత. నువ్వొచ్చినంక ఇద్దరం కలిసి లోపటికి పోదాం" అన్నడట.

మాపటికి వచ్చేసరికి పిలగాడు సల్లగైండు. తెర వెలుగుతనే ఉన్నది. దర్వాజ కాడ, అన్నట్టుగనే, ఆగి ఉన్నడు.

"ఇగ చెప్పు" అన్నడు నా కొడుకు. "ఆమె వచ్చి నన్నన్న తల్సిండా అంటది. ఆట సంగతి అన్నడు చిన్నమ్మా అని చెప్పాల్నా? నన్ను కూసోమన్నడు, నేను కూసోలేదని చెప్పాల్నా?"

నేను వాణ్ణి ఓదార్చలే. నాకు ఓదార్చుడు రాదు. "రేపు చెప్పాలె" అన్న. "అబద్ధపు సావుకు ఏడుస్తే ఏడుపు తెగది."

ఆ మాట అన్న గని, నా కడుపుల ఇంకో ముల్లున్నది. అది గూడ ఈ ఆటనే గెలికింది.

మొదట్ల రాజు ఆ శూరుణ్ణి పిలిపిస్తడు గద. "రాక్షసుని మీదికి పోతవా?" అని అడుగుతడు. కింద రెండు మాటలొస్తయి: పోత, పోను. ఒకనాడు కోడలు వేళాకోళానికి, "పోను అని ఒత్తుండ్రి, చూద్దాం" అన్నది. ఒత్తిండు. రాజు, "అట్లనకు, నువ్వు తప్ప నాకు ఎవలున్నరు? పోతవా?" అన్నడు. మల్ల పోను. "అట్లనకు, నువ్వు తప్ప నాకు ఎవలున్నరు? పోతవా?" ఎన్నిసార్లు పోను అన్నా గదే మాట, గదే మొఖం. పోత అనేదాక కథ కదలది. కోడలు నవ్వబట్టింది. నాకు నవ్వు రాలే. తంబాకు చాటల కెళ్లి కింద పోసుకున్న.

ఎందుకంటే నా కొడుకు ఒక్కడే పోతుండని, జోడు ఉండాల్నని, రుద్రంగి పోయి ఆ చెల్లెను అడిగింది నేను. "నీ కొడుకును గూడ తోలియ్యి." ఆమె తోలియ్యను అన్నది, ఒక్కగానొక్కడు అన్నది. వారం తిరిగినంక మల్ల పోయిన. "నా కొడుకుకు నీ కొడుకు, నీ కొడుకుకు నా కొడుకు. ఇంకెవలున్నరే మనకు?" వద్దక్కా అన్నది. మూడోసారి పోయిన. ఆమె బీడీ కట్ట పక్కకు పెట్టి, నా మొఖం చూసి, "సరే అక్కా" అన్నది. నేను ఖుషైన. నా మాట నెగ్గిందనుకున్న. పోను అనేదానికి ఆ కథల జాగ లేదని నాకప్పుడు ఎరుకలే.

తెల్లారి పొద్దుగాల కోరుట్ల పోయి రుద్రంగి బస్సెక్కినం. నా కొడుకు ల్యాప్‌టాప్‌ను తువ్వాలల చుట్టి ఒడిల పెట్టుకున్నడు. తొవ్వ పొడుగుత దాని మీది చేతులు తియ్యలే.

చెల్లె వాకిలి ఊడుస్తున్నది. వాణ్ణి చూసి చీపురు కింద పెట్టింది. నేను కట్టు ప్రకారం ఆమె మెడ మీద పడి, "ఎట్లాయె చెల్లె" అన్న. ఆమె కట్టెలెక్క నిలబడ్డది. "నన్నడుగుతవేందక్కా, వాణ్ణడుగు" అన్నది.

నా కొడుకు గడప లోపట కూసొని చెప్పిండు. పొద్దుగాల కెళ్లి మొదలువెట్టి చెప్పిండు. జరం, కూసో అన్న మాట, డ్యూటి, గోలీ, దర్వాజ. ఆమె ఊ కొట్టలే. అన్నీ విని, చివరకు ఒక్కటే అడిగింది.

"కూసో అంటే కూసోలేదా?"

"కూసోలే చిన్నమ్మా."

"ఒక్క దినం."

"ఒక్క దినమే."

చెంప మీద కొట్టింది. మల్ల కొట్టింది. నా చెయ్యి లేచింది గని నేను దింపుకున్న. వాడు కదలలే. నేను అడ్డంపోతే వాడు ఆ దెబ్బలు గూడ బాకీ పడునని నాకనిపిచ్చింది.

తర్వాత చెల్లె కొంగుతోని చెయ్యి తుడ్సుకొని, "ఏదీ ఆ దర్వాజ, చూపియ్యి" అన్నది.

వాడు తువ్వాల ఇప్పి, వైరు పెట్టి, మొదటి ఖానా తెరిచిండు. ఇన్ని నెలల్ల దాన్ని తెరుచుడు అదే మొదలు. నల్లటి పెద్ద తలుపు. దాని ముందట చిన్న బొమ్మ, ఈపు మనదిక్కు పెట్టి నిలబడ్డది.

"గీడేనా నా కొడుకు?"

"పేరు వానిదే చిన్నమ్మా."

"లోపట ఏమున్నది?"

"రాక్షసుడు. గెలుస్తే కథ అయిపోతది."

ఆమె తెర దగ్గరికి జరిగింది. "వద్దు" అన్నది. "వాడు ఎక్కడికెళ్లి బయలెల్లిండో అక్కడికి తీస్కపో."

"అటు పోతే..." అని నా కొడుకు ఆగిండు. అటు పోతే పనిలేదని నాతోని అన్న మాట ఆమెతోని అనలేకపోయిండు.

మలుపుకొని నడిపిచ్చిండు. ఎంతసేపు పట్టిందో. గుట్టలు, ఏరు, పడవ, కాలిన ఊర్లు. తొవ్వల దయ్యాలు అడ్డమొచ్చినయి, వాటిని కొట్టుకుంట పోయిండు. చెల్లె కండ్లు కొట్టకుంట చూసింది. ఆఖరికి చిన్న ఊరు వచ్చింది. ఆ ఊరోళ్లందరు బొమ్మను పేరు పెట్టి పిలుస్తుండ్రు. నా కొడుకు ఒక్కొక్కటి చదివి చెప్పిండు. తర్వాత ఆ ఇల్లు, ఆ పొయ్యి, పొయ్యి కాడ ఆమె. ఎక్కడ నిలబెట్టి పోయిండ్రో అక్కడ్నే ఉన్నది.

"ఏమంటుంది?"

నా కొడుకు తెర మీదికి వంగిండు. పిలగాని పేరు పలికి, "వచ్చినవా కొడుకా? అలిసిపోయినట్టున్నవు, జర పండుకొని పో" అని చదివిండు.

"మల్ల అడుగు."

"వచ్చినవా కొడుకా? అలిసిపోయినట్టున్నవు, జర పండుకొని పో."

"మల్ల."

ఎన్నిసార్లు చదివిచ్చిందో నేను లెక్కపెట్టలే. ఇన్ని దినాలు తిట్టిన ఆ ఒక్క మాటను నేను గూడ విన్న. తర్వాత ఆమె, "మంచంల పండవెట్టు" అన్నది. పండవెట్టిండు. "ఇగ గీడ్నే ఆపు. దర్వాజ కాడ వద్దు."

అట్ల ఆపాల్నంటే వాని ఖానాలనే దాచాలె, పాతది చెరిగిపోతది. దర్వాజ కాడ ఆగుత అన్న పిలగాని మాట దానిలనే ఉన్నది. నా కొడుకు కంటిరెప్పోలె కాసింది దాన్నే. వేలు మీట మీద పెట్టి తీసిండు, పెట్టి తీసిండు. నా దిక్కు చూసిండు. ఈసారి అడిగేదాన్ని నేను కాదు.

ఒత్తిండు.

చెల్లె లేచి ల్యాప్‌టాప్‌ను అట్లనే ఎత్తి, బియ్యం డబ్బ పక్కన గూట్ల పెట్టింది. "ఇది నా కాడ ఉంటది" అన్నది. నా కొడుకుతోని, "నువ్వు పో. ఉన్నది చెప్పినవు. ఇగ రాకు" అన్నది. నేను లేస్తుంటే, నా మొఖం సూడకుంటనే, "నువ్వు గూడ రాకక్కా" అన్నది.

చాయ్ గూడ పోయలే. పోసుంటే నేను తాగకపోదును.

నా కొడుకు తర్వాత పొలం కాడికి పోవుడు మొదలువెట్టిండు. మాట్లాడుడు పెద్దగ పెరుగలే. ఒకనాడు అన్నం తినుకుంట, వానంతట వాడే, "బియ్యం ఎట్లున్నయవ్వా" అన్నడు. బియ్యం మంచిగలేవు. మంచిగున్నయనే చెప్పిన. మిషిని పోయిన జాగల నా చాట పెట్టుకున్న. వెలుతురు అక్కడ మంచిగున్నది.

ఆర్నెల్లకో ఏమో, మేడిపల్లిల మా ఇద్దరికీ చుట్టమైన ముసలామె ఒకామె పోయింది. నేను పోయిన. ఆడోళ్ల గుంపుల, నడుమ, రుద్రంగి చెల్లె గొంతు వినవడ్డది. సావు ఇంట్ల ఎవలి ఏడుపు వాళ్లు ఏడుస్తరు గద. ఆమె తన కొడుకు కథ ఎత్తుకున్నది. నేను ఎనుక, గోడ కాడ నిలబడ్డ. ఆమె నన్ను చూడలే.

పొద్దుగాల కెళ్లి మొదలువెడ్తదనుకున్న. జరం కాడ, కూసో అన్న మాట కాడ మొదలువెడ్తదనుకున్న. గని ఆమె ఇంకా ఎనుకకు పోయింది. "మొదటిసారి వచ్చిందో అక్క, నేను వద్దంటిని" అని ఎత్తుకున్నది. "రెండోసారి వచ్చింది, వద్దంటిని. మూడోసారి వచ్చిందో, నా చేతుల బీడీ కట్ట ఉండె..."

చుట్టున్న ఆడోళ్లు ఊ కొడుతుండ్రు. నేను ఆడికెళ్లి ఎల్లిపోవచ్చుండె, పోలే. కొంగు మొఖం మీదికి గుంజుకొని, కథ ఒడిసేదాక, నేను గూడ ఊ కొట్టిన.